వదిన, ట్రే మూత

వదిన మళ్లీ మూత ఎత్తింది. ఎర్రటి ఎండవేళ! కాసేపు చూసి పెట్టేశానంటుంది. ఆ కాసేపట్లోనే రెండు పిలకలు తల వాల్చేశాయి. అందరూ పడుకున్నా నాకు చిరాకు తగ్గలేదు.

మొక్కకు గాలి ఆడవద్దా అని ఆమె వాదన. ఇవి టిష్యూ కల్చర్ పద్ధతిలో, అంటే తల్లిమొక్క చిన్న ముక్క నుంచి మూసిన సీసాలో పెంచిన బ్లూబెర్రీ పిలకలు. సీసా లోపల గాలిలో తేమ దాదాపు 100 శాతం. అందుకే ఆకులోని నీటిని ఆపే మైనపు పూత సరిగా పట్టనే లేదు.

చదువుకునే రోజుల్లో మేడమ్ సీసాలోని ఆకు ఒకటి, తోటలోని ఆకు ఒకటి తెంపి బల్ల మీద పక్కపక్కనే పెట్టారు. తోట ఆకు నిగనిగలాడుతూనే ఉంది. సీసా ఆకు మేము పుస్తకాలు తెరిచేలోపే అంచులు ముడుచుకుంది. దాని పొర ఒలిచి మైక్రోస్కోపు కింద చూపించారు. పత్రరంధ్రాలు, అంటే ఆకులోంచి నీటి ఆవిరి బయటికి పోయే సన్న రంధ్రాలు, గుండ్రంగా, తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. ఆకు వాడిపోతున్నా మూసుకోవడం వాటికి చేతకావడం లేదు. వెనక అందరూ తొందరపెడుతున్నా నేను కన్ను తీయలేకపోయాను. ఎంత జాలేసిందో! ఇప్పటికీ మూత చప్పుడైతే ఆ రంధ్రాలే గుర్తొస్తాయి.

"వేళ్లే లేని పుల్లలు నాటావేమిటి?" అన్నది ఆమె రెండో అభ్యంతరం. సీసాలో మొక్కను పెంచే జెల్లీ, అగార్‌లో వచ్చే వేళ్లు పెళుసు. కాండంతో అతుకూ అంతంతమాత్రం. పైగా అంటుకున్న చక్కెర జిగురుకు బూజు పడుతుంది. అందుకే మొదళ్లకు వేళ్లు పుట్టించే హార్మోను ఐబీఏ పొడి అద్ది, తడి పీట్‌లోనే (చివికిన నాచు ఎరువులాంటిది) గుచ్చాను. ఈరోజు ఒక కప్పు అడుగున తెల్లటి వేరు కనిపించింది, నూలుపోగంత.

ఇదంతా రాస్తుంటే వదిన మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది. సీసా ఆకులు ఎటూ పూర్తిగా మారవు. ఇకపై వచ్చే చిగుళ్లే మొక్కను నిలబెట్టాలి. వాటికి పొడిగాలి కొద్దికొద్దిగా తగలకపోతే అవీ అంతే సుకుమారంగా తయారవుతాయి. ఒక మొక్క కింది ఆకు మీద బూడిదరంగు బూజు కూడా చూశాను. ఆ ఆకు తీసేశాను. చిగుళ్లు విచ్చుతున్నాయి కాబట్టి హార్డెనింగ్, అంటే బయటి గాలికి మెల్లగా అలవాటు చేయడం, మొదలుపెట్టాల్సిందే. రేపు పొద్దున, ఎండ రాకముందు, వేలు దూరేంత సందు చాలు. ఆ పని వదినకే అప్పగిస్తాను. మధ్యాహ్నం మాత్రం ముట్టుకోకూడదు, ఎంత ముచ్చటేసినా సరే.

నీళ్ల సంగతీ చెప్పాలి. మా కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. అది మట్టి పులుపును తగ్గించి పీహెచ్ పెంచుతుంది. వీటికి మట్టి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. పెరిగితే ఇనుము అందక, ఈనెలు ఆకుపచ్చగా ఉండి లేత ఆకు పసుపెక్కుతుంది. అందుకే వీటికి ఇవే పోయాలని వాననీళ్ల డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.