మెదక్ అయ్యగారూ, చికాకోల్ అమ్మగారూ

ఆమదాలవలసలో మా అమ్మవైపు వాళ్లని ఇప్పటికీ ‘మెదక్ అయ్యగారి మనవలు’ అనే అంటారు. అయ్యగారంటే మా అమ్మకి తాత. నిజాం రాజ్యంలో పల్లెలు తిరిగి సువార్త చెప్పిన వెస్లియన్ మెథడిస్ట్ (ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పాస్టరు. 1943లో ఆయన చలిజ్వరంతో పోయాక తాతమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టిన జిల్లాకి వచ్చేసింది. ఉన్నది మిషన్ వాళ్ల ఇల్లు. అయ్యగారు పోతే తర్వాత వచ్చే అయ్యగారికి ఖాళీ చెయ్యాలి. మేమంతా శ్రీకాకుళం వాళ్లం అయ్యింది అలాగ.

ముత్తాతగారి గురించి చెప్పేవాళ్లు మా చుట్టాల్లో చాలామందే ఉన్నారు. తాతమ్మ మాటెత్తితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: “పాపం, అనాథ. మిషన్ హాస్టల్లో పెరిగింది.” అంతటితో ఆమె కథ అయిపోయేది. అరడజను మంది పిల్లల్ని కని, భర్త సంఘాన్ని సగం తానే నడిపిన మనిషికి అమ్మా నాన్నా ఎవరో తెలియకుండా ఉండిపోవడం నాకు మనసొప్పలేదు. పేర్లు రాయొద్దని మావయ్య అడిగాడు, అందుకని ఇక్కడ వరసలతోనే చెబుతాను.

మొదట దొరికింది మావయ్య బీరువాలో ఉన్న ముత్తాతగారి తెలుగు బైబిలు. అట్ట ఎప్పుడో ఊడిపోతే ఎవరో గోనెగుడ్డ వేసి కుట్టారు. పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యేచోట రెండు ఖాళీ పేజీలున్నాయి. వాటి మీద నల్లసిరాతో, గొలుసుకట్టు రాతలో పిల్లల పుట్టుకలు. 1922 మెదక్. 1924 మెదక్. 1927 సిద్దిపేట. ఆ తర్వాతవి కరీంనగర్. ప్రతి పుట్టినరోజు కిందా కొన్ని వారాల తేడాతో బాప్తిస్మం తేదీ, ఇచ్చిన అయ్యగారి పొడి అక్షరాలు. 1929లో పుట్టిన బాబు పక్కన ‘ప్రభువు పిలిచెను’ అని చిన్న అక్షరాలతో ఉంది. ఆ ఒక్కచోటే కలం గట్టిగా నొక్కినట్టు కాగితం అవతలికి కనిపిస్తోంది.

మెథడిస్ట్ పాస్టరు చరిత్ర వెతికేవాళ్లు సొంతూరు పట్టుకుని కూర్చుంటే పని జరగదు. ఆయనకి ఊరుండదు, సర్క్యూట్ (కొన్ని ఊళ్ల సంఘాలు కలిపిన పరిధి) ఉంటుంది. కొన్నేళ్లకోసారి బదిలీ. ఒక్కో బిడ్డ ఒక్కో ఊరి రిజిస్టరులోకి ఎక్కుతుంది. చంటిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఆ రిజిస్టర్లు జనన ధృవపత్రాల్లాగే పనికొస్తాయి. బైబిల్లో ఉన్న ఊళ్లు వరసగా రాసుకుంటే ఆయన ఉద్యోగమంతా కళ్ల ముందుకొచ్చేసింది.

పేర్ల తికమక ఇంకొకటి. హైదరాబాద్ రాజ్యంలో మెథడిస్టులు రెండు రకాలు. మెదక్, కరీంనగర్ వైపు ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్లు. బీదర్, వికారాబాద్ వైపు అమెరికా వాళ్లు. 1932లో ఇంగ్లండులో మెథడిస్టు శాఖలు కలిసిపోయాయి, ‘వెస్లియన్’ అన్న ముక్క అప్పుడు పోయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు మెదక్ సంఘాలు అందులో చేరాయి. అమెరికా మెథడిస్టులు చేరలేదు. కాబట్టి ఇవాళ మెథడిస్ట్ అని బోర్డున్న చర్చికి వెళ్లి మా ముత్తాతగారి గురించి అడిగితే ఏమీ దొరకదు. ఆయన పనిచేసిన చర్చిలన్నీ ఇప్పుడు సీఎస్ఐవి.

టెక్కలి అమ్మమ్మ (ముత్తాతగారి ఆఖరి కూతురు, మా అమ్మకి మేనత్త) దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. అందులో బడి స్థలం తాలూకు రసీదు మీద ఫసలీ (నిజాం సర్కారు లెక్క సంవత్సరం) 1341 అని ఉంది. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే మన లెక్కకొస్తుంది, అంటే 1931-32. రూపాయలు కూడా నిజాం సొంత నాణేలైన హాలీ సిక్కాలే, ఇక్కడి బ్రిటిష్ రూపాయి కాదు. మెదక్ పెద్ద చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయినప్పుడు తాతమ్మ చంకలో పసిపిల్ల ఉందని, కరువులో కూలి దొరకని జనానికి ఆ కట్టడమే తిండి పెట్టిందని, దాన్ని కట్టించిన పాస్నెట్ దొరగారి గురించీ అమ్మమ్మ గంటలకొద్దీ చెబుతుంది. అవన్నీ వాళ్ల నాన్నగారి కబుర్లు. వాళ్లమ్మ గురించి అడిగితే “మా అమ్మ ఎక్కువ మాటలాడేది కాదు” అనేది.

అందుకని ఇటు శ్రీకాకుళం వైపు నుంచి మొదలుపెట్టాను. పాత కాగితాల్లో శ్రీకాకుళం పేరు చికాకోల్. ఆమదాలవలస స్టేషను చికాకోల్ రోడ్. జిల్లా పేరు గంజాం, ఎందుకంటే 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనం గంజాంలోనే ఉన్నాం. తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950లో గానీ శ్రీకాకుళం వేరుపడలేదు. ఇక్కడ 1870ల నుంచి పనిచేసింది కెనడా బాప్తిస్టులు. వాళ్లు చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసి, విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. కాబట్టి తాతమ్మ పుట్టుక కోసం చర్చి పుస్తకాలు వెతికి లాభం లేదు, ఆమెకి పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చిన సంవత్సరాలు చూడాలి.

పాత సంఘపు అయ్యగారు పెద్దమనసుతో పెట్టె తెరిచి ఇచ్చారు. 1914లో నాగావళిలో బాప్తిస్మం తీసుకున్న ఆడపిల్లల్లో తాతమ్మ పేరుంది. వయసు పద్నాలుగు. ఊరు, పొందూరు దగ్గర ఒక పల్లె. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఒక్కరి నోటా విన్నది కాదు.

ఆ తర్వాత 1920 పెళ్లి రిజిస్టరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరుల వయసు, వృత్తి, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు రాసి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. వరుడి నివాసం మెదక్. అంటే సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా నిజాం రైలు, అక్కణ్నుంచి వాల్తేరు దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైలు, వాల్తేరు నుంచి చికాకోల్ రోడ్‌కి బెంగాల్ నాగపూర్ రైలు, మళ్లీ బండి కట్టించుకుని ఊళ్లోకి. వధువు వృత్తి దగ్గర టీచరు అని ఉంది. కింద సాక్షుల గళ్లలో ఒకటి దొర సంతకం. రెండోది వంకరగా గీసిన ఇంటూ గుర్తు, దాని పక్కన వేరేవాళ్ల రాతలో ‘పెండ్లికుమార్తె తండ్రి నిశాని’.

నేను ఆ గడి మీదే చాలాసేపు ఉండిపోయాను. ఆమెకి తండ్రి ఉన్నాడు. కూతురి పెళ్లికి వచ్చాడు. చదువు రాకపోయినా సాక్షిగా నిలబడి కలం పట్టుకున్నాడు.

ఫోన్లో టెక్కలి అమ్మమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “మా యమ్మ ఏనాడూ అనాథనని సెప్పలేదమ్మా. హాస్టల్ల సదివిందని సెప్పింది. మీరే అనీసుకున్నారు.”

మావయ్యతో కలిసి ఆ పల్లెకి వెళ్లాను. అదే ఇంటిపేరుతో ఇంకా కొన్ని కుటుంబాలున్నాయి. ఒకప్పుడు మగ్గం నేసేవాళ్లట, ఇప్పుడు ఎవరింట్లోనూ మగ్గం లేదు. ఒక ముసలాయన అరుగు మీద కూర్చోబెట్టి మా మాటలన్నీ విని, “అవునవును, మా తాత సెల్లొకర్తి నిజాం దేశం ఎల్లిపోనాదని సెప్పీవోరు. అయ్యగారిని సేసుకుందంట” అన్నాడు. వాళ్లు క్రైస్తవులు కారు. ఆ అమ్మాయి ఏమైందని వాళ్లూ ఇన్నాళ్లూ అనుకుంటూనే ఉన్నారు. మావయ్యకి వరసలు కలుపుకునేసరికి సాయంత్రమైంది. బావ, మరిది, తాత అని పిలుచుకుంటూ భోజనం చేసి గానీ మమ్మల్ని కదలనివ్వలేదు.

ఇప్పుడు కష్టమంతా ముత్తాతగారి తండ్రితోనే. పెళ్లి రిజిస్టరులో ఆయనది ఒక్క ముక్క పేరు, అది కూడా బైబిలు పేరు. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఆనాడు మెదక్ చుట్టుపక్కల సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్లలో చాలామంది పాత పేరుని బాప్తిస్మం దగ్గరే వదిలేశారు. వెస్లియన్ మిషన్ కాగితాలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయ కళాశాల లైబ్రరీలో ఉన్నాయి. ఏ పాస్టరు ఏ ఏడాది ఏ సర్క్యూట్‌లో ఉన్నాడో ఏటేటా అచ్చు వేసేవాళ్లు. ఆ పట్టికలో ఆయన పేరు మొదట ఎక్కిన ఏడు తెలిస్తే ఏ సంఘం నుంచి పంపారో పట్టుకోవచ్చు. ఉత్తరం రాశాను, జవాబు రాగానే కరీంనగర్ ప్రయాణం పెట్టుకోవాలి. 1929లో పోయిన బాబుని ఏ సమాధుల తోటలో పెట్టారో టెక్కలి అమ్మమ్మ అడుగుతోంది.