మండె కట్టిన వడ్లకు కలుపు మందు

ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ దగ్గర మాకు కొంత వరి పొలం ఉంది. కూలీలు దొరకక రెండేళ్ళ క్రితం వానాకాలంలో నాట్లు మానుకుని, దమ్ము చేసిన మడిలో మండె కట్టిన, అంటే నానబెట్టి మొలకెత్తించిన వడ్లను నేరుగా వెదజల్లాము. మూడో రోజున నాన్న ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందును ఇసుకలో కలిపి చల్లారు. ఊద గడ్డి మొలవలేదు గాని, వరి మొలకలు కూడా గిడసబారి, ఆకులు సుడి విప్పుకోలేక మెలి తిరిగి, సగం మడి బోడిగా మిగిలింది. మందు నకిలీదని ఇంట్లో అందరమూ అనుకున్నాము. అది నకిలీది కాదు, మా మడికి తగినది కాదు, అంతే.

ఆ పేరుతో దుకాణాల్లో ఎక్కువగా రెండు రకాలు దొరుకుతాయి. 50 శాతం ఈసీ (నీటిలో కలిపితే పాలలా మారే ద్రవ మందు) నాటిన వరి కోసం తయారైనది. నాటే నారు అప్పటికే మూడు నాలుగు వారాల వయసుది, దాని వేళ్ళు మందు నిలిచే పైపొర కంటే కిందికి దిగి ఉంటాయి కనుక తట్టుకుంటుంది. 30.7 శాతం ఈసీలో ఫెన్‌క్లోరిమ్ అనే సేఫ్‌నర్ (పంటను ఆ మందు దెబ్బ నుంచి కాపాడే రసాయనం) కలిపి ఉంటుంది, నేరుగా విత్తిన వరికి వాడవలసినది అదే. మాకు ఇచ్చినది మొదటిది.

సేఫ్‌నర్ అంటే ఆకుపై కప్పే పూత అని నేను చాలాకాలం భావించాను. నిజానికి అది మందును అడ్డుకోదు, మొక్కను సిద్ధం చేస్తుంది. ప్రెటిలాక్లోర్ మొలకలో పొడవైన కొవ్వు ఆమ్లాల తయారీని ఆపి లేత కణాల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వరిలో దీనికి విరుగుడు లేకపోలేదు: గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థాన్ని విషపు అణువుకు అతికించే ఎంజైములు ప్రతి మొక్కలోనూ ఉంటాయి, అలా అతుక్కున్న అణువు విషగుణం కోల్పోయి కణంలోని రసపు సంచిలోకి చేరిపోతుంది. లేత మొలకలో ఈ పని మందగతిన సాగుతుంది. ఫెన్‌క్లోరిమ్ ఆ ఎంజైములను ఎక్కువగా పుట్టించి, మందు హాని చేసేలోపే దానిని నిర్వీర్యం చేసే వేగాన్ని వరికి ఇస్తుంది, ఊదకు ఆ మేలు అంతగా అందదు. వరిని కాపాడి ఊదను వదిలే ఈ ఎంపికే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది.

సేఫ్‌నర్‌ను మొలక ప్రధానంగా వేళ్ళ ద్వారానే తీసుకుంటుంది కనుక మండె సరిగా కట్టి, వేరు బయటికి వచ్చిన వడ్లనే చల్లాలి. పొడి విత్తనం చల్లి వెంటనే ఈ మందు వేస్తే, సీసా సరైనదే అయినా రక్షణ సరిగా అందదు.

ఈ విద్యకు మూలం ఒక పొరపాటు. 1947లో అమెరికాలో ఒట్టో హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్త గాజుగదిలో 2,4-డి అనే కలుపు మందు ఆవిరి పొరపాటున వ్యాపించినప్పుడు, అంతకు ముందు 2,4,6-టి అనే దాని దగ్గరి బంధువైన రసాయనం పడిన టమాటా మొక్కలు మాత్రం చెడకుండా ఉండటం గమనించారు. మొక్కజొన్న విత్తనానికి పట్టించే తొలి సేఫ్‌నర్ 1970 ప్రాంతంలో గాని అంగడికి రాలేదు.

మొన్న మా పెదనాన్న, "పత్తిలో కూడా ఈ విరుగుడు కలిపి కొట్టవచ్చునా?" అని అడిగారు. కూడదని చెప్పాను. ఇప్పటివరకు వాడుకలో ఉన్న సేఫ్‌నర్లు దాదాపు అన్నీ వరి, మొక్కజొన్న, గోధుమ, జొన్న వంటి గడ్డిజాతి పంటలకు పనిచేసేవే. మొక్కజొన్నకు కొట్టే టెంబోట్రయోన్ అనే కలుపు మందులో కలిపే ఐసాక్సాడిఫెన్ అలాంటిదే. పత్తికి, మిరపకు, సోయాకు వీటితో ఆ భరోసా లేదు. పెదనాన్న ఈ ఏడు కూడా కలుపు తీసే గుంటుకనే బాగు చేయిస్తున్నారు.