గుడిసె నేల కింది గొయ్యి

వర్జీనియా పొగాకు తోటల్లో బానిసలు బతికిన ఇళ్లు చాలావరకు ఆనవాలు లేకుండా పోయాయి. దుంగలు నేలమీదే పేర్చి కట్టినవి, పునాది ఉండదు. ఆ పైన తరాల తరబడి నాగలి తిరిగింది. మిగిలింది మాత్రం నేల కింద వాళ్లు తవ్వుకున్న గోతులు. దున్నిన పైమట్టి తీసేస్తే, ఎర్రటి బంకమట్టిలో నల్లటి చతురస్రాల్లా తేలతాయి. 1970లలో వర్జీనియాలోనే కింగ్స్‌మిల్ అనే చోట పాత తోటల తవ్వకాల్లో ఒక్కో ఇంట్లో ఇలాంటివి పలు గోతులు బయటపడ్డాయి.

గొయ్యిని ఒకేసారి ఖాళీ చేయకూడదు. మధ్యలో దారం కట్టి సగమే తవ్వాలి. నిటారుగా మిగిలిన కోతలో పొరలు చదివి, బొమ్మ గీసి, ఒక్కో పొరకూ ఒక నంబరు వేశాకే రెండో సగం. అంచులు నిటారుగా ఉంటే లోపల చెక్కలు వేసి ఉండవచ్చు. కూలి ఏటవాలుగా ఉంటే చాలాకాలం తెరిచి ఉన్నట్టు. ఒక గొయ్యి ఇంకోదాన్ని కోస్తే ఏది ముందో అక్కడే తేలుతుంది. ఆ రెండింటి మట్టీ కలిపేశారా, కాలక్రమం పోయినట్టే.

గొయ్యి పూడిన కాలాన్ని అందులోని అతి కొత్త వస్తువుతో లెక్కగడతారు. క్రీమ్‌వేర్ పింగాణీ పెంకు దొరికితే 1760లకు ముందు పూడలేదన్నమాట. ఆ పెంకు ఎలుక బొరియలోంచి జారి రాలేదని ముందు చూసుకోవాలి.

ఎక్కువ నష్టం జల్లెడ దగ్గర జరుగుతుంది. పావు అంగుళం కన్నుల జల్లెడలో గాజుపూసలు, గుండుసూదులు, చేప ముళ్లు కింద రాలిపోతాయి. పంది, పశువుల పెద్ద ఎముకలే మిగిలి, బానిసల తిండంతా యజమాని ఇచ్చిన మాంసమే అనిపిస్తుంది. అందుకే మట్టిని సన్న జల్లెడ మీద నీళ్లతో కడగాలి. కొంత మట్టిని విడిగా తొట్టిలో తేల్చితే బొగ్గైన గింజలు పైకి వస్తాయి. బంకమట్టి విడకపోతే వంటసోడా కలిపి నానబెడతారు. మౌంట్ వెర్నన్‌లో జార్జ్ వాషింగ్టన్ బానిసలున్న 'హౌస్ ఫర్ ఫ్యామిలీస్' నేలమాళిగలో చేపల ఎముకలు, అడవి జంతువుల ఎముకలు కూడా దొరికాయి. బానిసల ఇళ్ల తవ్వకాల్లో సీసం గుళ్లు, తుపాకీ చెకుముకి రాళ్లు కూడా బయటపడుతుంటాయి. తుపాకీ వాళ్ల చేతిదాకా రాలేదన్న మాట అక్కడ నిలవదు. ఈ నేలల్లో ఆమ్లం ఎక్కువ, ఎముక కరిగిపోతుంది. గోతిలో బూడిద, ఆల్చిప్పలు పడి ఉంటేనే నిలుస్తుంది.

ఒక పొరపాటు అనుభవజ్ఞులూ చేస్తారు: గోతిలో దొరికిందంతా అక్కడ దాచుకున్నదే అనుకోవడం. చాలావరకు అది వాడకం మానేశాక పడ్డ చెత్త. అసలు వాడకం ఏమిటో గొయ్యి ఉన్న చోటును బట్టి ఊహించాలి. పొయ్యి ముందు ఉన్నది చిలగడదుంపల కోసమై ఉండవచ్చు, వాటికి వెచ్చని పొడి చోటు కావాలి. మరి పొయ్యికి దూరంగా, గోడ వారన, మూలల్లో అన్నెందుకు?

పురావస్తు శాస్త్రవేత్త ఫ్రేజర్ నీమన్ చెప్పిన కారణం నాకు బలంగా కనిపిస్తుంది. తొలినాళ్లలో బంధుత్వం లేనివాళ్లను ఒకే గదిలో కుక్కారు. తాళం పెట్టుకునే పెట్టె లేనప్పుడు ఎవరి గొయ్యి వాళ్లది. దాన్ని తెరిస్తే గదిలో అందరికీ కనపడుతుంది, అదే కాపలా. కుటుంబాలకు విడిగా ఇళ్లు వచ్చేకొద్దీ గోతులు తగ్గాయి. థామస్ జెఫర్సన్ తోట మాంటిసెల్లోలో, బానిసల ఇళ్లున్న మల్బరీ రో వీధిలో 1793 నాటి దుంగల ఇళ్లు 12 అడుగులకు 14 అడుగులే. ఒక కుటుంబానికి సరిపడే ఆ చిన్న గదుల కాలానికి, పాత ఉమ్మడి గదుల్లోలా గోతుల గుంపులు కనిపించవు.