పంచదార పాకంలో అరటిపళ్ళు: మూడు రోజుల నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి, మూడోసారి పొయ్యి వెలిగిస్తే, కుదిరింది. తేనెరంగు పాకం, అందులో రెండువైపులా నిగనిగలాడే అరటి ముక్కలు, ఎక్కడా ఒక్క పంచదార పలుకు లేదు. మా ఆయన్ని నిద్రలేపి మరీ తినిపించాను. ఆదివారం మా ఆయన పుట్టినరోజున పదిమంది ముందు పడ్డ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది, అందుకే ఆలస్యం చెయ్యకుండా రాసేస్తున్నాను.

మా పెద్దమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడ బనానాస్ ఫాస్టర్ అని ఒక తీపి ఉంది. 1951లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక హోటల్లో మొదలైంది. వెన్న, బ్రౌన్ షుగర్ కరిగించి, అందులో అరటిపళ్ళు మగ్గించి, రమ్ పోసి మంట అంటించి, వెనిల్లా ఐస్‌క్రీమ్ మీద వేసి ఇస్తారు. "రమ్ మానేసి మామూలు పంచదారతో చెయ్యమ్మా, పది నిమిషాల పని. నాన్న పుట్టినరోజుకి బాగుంటుంది" అంది ఫోన్లో. నిజంగానే పది నిమిషాల పనే. ఆ పది నిమిషాలూ మనని మన పొయ్యి దగ్గర వదిలేస్తే.

పళ్ళ సంగతి ముందు చెప్పాలి. మా వీధి చివర బండి మీద డజను కొన్నాను. పైకి పసుపుపచ్చగా మెరిసిపోతున్నాయి, ఒలిచి చూస్తే లోపల చెక్కముక్క, వాసన లేదు, తీపి లేదు. ఏం పెట్టి మగ్గేశాడో ఆ బండివాడికే తెలియాలి. కార్బైడ్ పెట్టి పళ్ళు పండించడం మన దేశంలో నిషేధం, ఇథిలీన్ వాయువుతో మగ్గించడానికి మాత్రమే అనుమతి ఉంది. అయినా అడిగేదెవరు? ఆ డజనూ పక్కన పడేసి, రావులపాలెం నుంచి వచ్చే సరుకు అమ్మే కొట్టుకి వెళ్ళి కర్పూర అరటిపళ్ళు తెచ్చాను. ఈ వంటకి అవే మేలు. కొంచెం గట్టిగా ఉంటాయి, పాకంలో ముక్క విడిపోదు, చివర్లో చిన్న పులుపు తగులుతుంది. చక్కెరకేళి నాకు ప్రాణం, కానీ బాగా మగ్గిన చక్కెరకేళి వేడి పాకంలో పడితే గుజ్జయిపోతుంది. తొక్క మీద నల్లచుక్కలు అప్పుడే మొదలైన పండు తీసుకోండి, అంతకన్నా ముగ్గితే వద్దు.

తొక్క ఒలిచి, ఏటవాలుగా అరంగుళం మందాన కోసి పెట్టుకున్నాను. వెన్న, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు, అన్నీ గట్టు మీద సిద్ధం.

ఇక పాకం. మందంగా ఉన్న స్టీలు గిన్నెలో గ్లాసు పంచదార, పంచదార తడిసేటన్ని నీళ్ళు. సన్నమంట మీద కరిగింది, ఉడుకు పట్టింది. బుడగలు మొదట చిన్నవిగా, గబగబా వచ్చాయి. తరవాత నీరు ఇగిరేకొద్దీ పెద్దవై, బద్ధకంగా పేలుతున్నాయి. అంచు దగ్గర ఎండుగడ్డి రంగు తిరుగుతోంది. ఇంకో రెండు నిమిషాలు ఆగితే చాలు.

అప్పుడు మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, వంటింట్లోకి వచ్చారు. ఆవిడ మెట్టినిల్లు అనకాపల్లి. బెల్లం మార్కెట్టున్న ఊరు. అరిసెల పాకం పట్టడంలో ఆవిడని మించినవాళ్ళు మా రెండువైపులా లేరు, ఈ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. "అయ్యో, అలా వదిలేశావేమిటమ్మా, అడుగంటిపోతుంది" అంటూ అట్లకాడ తీసుకుని, గిన్నె అంచుల్లో అంటుకున్న పంచదారంతా గీకి లోపలికి తోసి, గుండ్రంగా బలంగా తిప్పడం మొదలుపెట్టారు. నేను "వద్దు వదినగారూ" అనేలోపు నాలుగు తిప్పులు తిప్పేశారు.

నా కళ్ళ ముందే పాకం మసకబారింది. ముందు అంచున ఒక తెల్లటి చార. చూస్తుండగానే అది మధ్యకి పాకింది. అరనిమిషంలో గిన్నెలోదంతా తడి ఇసకయింది, ఇంకో అరనిమిషంలో పొడి ఇసక. అట్లకాడ తగిలితే గరగరమంది. నీళ్ళు పోస్తే సరిపోతుందని నాకు అప్పుడు తట్టలేదు. కంగారులో వెన్న వేసేశాను, ముక్కలూ వేసేశాను. వెన్న పైకి తేలింది, పంచదార ముక్కలకి ఉప్పు చల్లినట్టు అంటుకుంది.

వదినగారు అట్లకాడ గట్టు మీద పెట్టి, హాల్లో వాళ్ళందరికీ వినపడేట్టు, "మీ అమ్మగారు పాకం పట్టడం నేర్పలేదా అమ్మా?" అన్నారు.

హాల్లో మాటలు ఆగిపోయాయి. మా ఆయన ఆఫీసులో పనిచేసే ఒకాయన భార్య నవ్వింది, వెంటనే తలవంచుకుంది. మా అమ్మ పోయి నాలుగేళ్ళు. మడతకాజాలకి తీగపాకం పట్టాలంటే మా వీధిలో ఆడవాళ్ళు మా అమ్మ కోసం కబురు పంపేవారు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పాకం పట్టి తీగ సాగదీసి, దీపం వెలుగులో చూసి "దించండి" అనేది. ఆ చెయ్యి నాకు గుర్తొచ్చింది. గరిట మీరు తిప్పారు కదా అని అనలేకపోయాను. పెద్దావిడ, పైగా మా ఇంటికి వచ్చినావిడ. ఐస్‌క్రీమ్ గిన్నెల్లో ఆ ముక్కలే వేసి వడ్డించాను. పంటికింద పలుకులు కరకరమంటున్న శబ్దం నాకు ఇక్కడికి వినిపించింది. సగానికి సగం గిన్నెల్లోనే మిగిలింది.

ఒక్క మాట. వంట చెడితే వంటని అనండి, చేసినవాళ్ళని అనండి. తల్లినీ పుట్టింటినీ అందులోకి లాగకండి. యాభై ఏళ్ళు దాటినా ఆ మాటకి కడుపులో కదులుతుంది.

సోమవారం, ఆవిడే వెళ్తూ వెళ్తూ ఇచ్చిన సలహా పాటించి, బెల్లంతో చేశాను. అది కూడా చెప్పి తీరాలి, ఎందరో ఇదే సలహా ఇస్తారు. బెల్లం పాకంలో అరటి ముక్కలు బాగుంటాయి, కాదనను, కానీ అది వేరే తీపి. బెల్లానికి ముందే గోధుమరంగు ఉంటుంది, రంగు చూసి ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా నురగ పొంగుతుంది, పంచదారకన్నా త్వరగా మాడుతుంది. నేను నల్లటి ఇనప మూకుట్లో పెట్టాను, అందులో అసలే ఏమీ కనపడలేదు. ముక్కుకి వాసన తగిలేసరికి చేదెక్కిపోయింది.

ఆ రాత్రి మా బాబాయికి ఫోన్ చేశాను. వయసులో ఉండగా ఇరవై ఏళ్ళు మిఠాయి బట్టీ దగ్గర పనిచేశాడు. ఆదివారం సంగతంతా చెప్పాను, ఎవరేమన్నారో మాత్రం చెప్పలేదు. అంతా విని ఒకటే అడిగాడు: "ఉడుకు పట్టాక గరిట పెట్టారా?"

పెట్టారు బాబాయ్ అన్నాను.

"అయితే మీరు చేసింది చిలకల పాకం అమ్మాయ్" అన్నాడు.

పంచదార చిలకలు చేసేటప్పుడు ఉడికిన పాకాన్ని కావాలనే గరిటతో గిన్నె అంచుకేసి రుద్దుతారట. రుద్దితే తెల్లబడుతుంది, చెక్క అచ్చుల్లో పోస్తే గట్టిపడుతుంది. కరిగిన పంచదారకి మళ్ళీ పలుకు కట్టడమే ఇష్టం, ఒక్క కరగని పలుకు లోపల పడినా దాన్ని పట్టుకుని మిగతాదంతా పలుకవుతుంది. వదినగారు అంచుల్లో ఎండిన పంచదార గీకి లోపల వేసి తిప్పింది అచ్చంగా అదే పని. అరిసెల పాకం బెల్లంది, తిప్పుతూనే ఉండాలి, పైగా 115 డిగ్రీల దగ్గర, నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కట్టగానే దించేస్తాం. పంచదారకి ఈ రంగు రావాలంటే 170 దాటాలి. అరిసెలకి మంచిదైన అలవాటే ఇక్కడ చేటు చేసింది. నాలుగు చుక్కల నిమ్మరసం వెయ్యమన్నాడు. గులాబ్‌జామ్ పాకంలో మనం ఎప్పుడూ వేసేదే. ఆ పులుపు పంచదారని కొంత విడగొడుతుంది, ఇక అది అంత తేలిగ్గా పలుకు కట్టదు. ఇన్నేళ్ళుగా వేస్తున్నాను, దేనికో ఎప్పుడూ ఆలోచించలేదు.

మంగళవారం రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, మూడు పళ్ళతోనే చేశాను. ఎనిమిది పళ్ళు ఒకేసారి వేస్తే నీరూరి ఉడుకుతాయి తప్ప వేగవు, ఆదివారం అదీ తప్పే. ఐదు చెంచాల పంచదార, రెండు చెంచాల నీళ్ళు, నిమ్మరసం నాలుగు చుక్కలు. రంగు కనపడాలని స్టీలు గిన్నె. పంచదార పూర్తిగా కరిగేదాకా కలిపాను, ఉడుకు మొదలవగానే గరిట తీసి సింకులో పడేశాను. ఒక్క నిమిషం మూత పెట్టాను, ఆవిరి దిగి అంచుల్లో పలుకుల్ని కడిగేసింది. తరవాత మూత తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒకవైపు రంగు ముందు తిరిగితే గిన్నెని పట్టకారుతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపాను, అంతే.

గడ్డిరంగు, తరవాత లేత తేనె, తరవాత పుట్టతేనె. అక్కడ మంట బాగా తగ్గించండి, కళ్ళు తిప్పకండి. గిన్నెలో వేడి పొయ్యి తగ్గించాక కూడా పని చేస్తూనే ఉంటుంది, ఇంకో అరనిమిషానికి చేదు వచ్చేస్తుంది. పొరపాటున కూడా వేలు పెట్టి చూడకండి. బెల్లం పాకంలా వేలితో తీసి చూసేది కాదిది, చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. వెన్న ఒక పెద్ద చెంచాడు వేస్తే బుసబుసా పొంగుతుంది, భయపడకండి. ముక్కలు పరిచాక పాకం ఒక్కసారిగా బిగుసుకుపోయి గాజుపెంకుల్లా అయింది. నా గుండె ఆగింది. కానీ అది పలుకు కట్టడం కాదు, చల్లటి పండు తగిలి గట్టిపడింది. సన్నమంట మీద నిమిషం ఆగితే తనంత తనే కరిగి ముక్కల చుట్టూ చేరింది. ఒక్కో వైపు నిమిషంన్నర, ఉప్పు, యాలకుల పొడి, దించెయ్యడమే. యాపిల్‌తో చేస్తే ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. అనాసకైతే ముక్కల్ని బట్టతో తడి ఒత్తాలి.

గిన్నె సంగతి. పాకం పట్టేసిన గిన్నెని పీచుతో తోమకండి, పొద్దున్నే వచ్చే పనమ్మాయి మీద అసలు వదిలెయ్యకండి. నిండా నీళ్ళు పోసి మరిగిస్తే ఐదు నిమిషాల్లో మొత్తం కరిగిపోతుంది. ఆదివారం గిన్నె అలాగే శుభ్రమైంది.

పొద్దున్న కుటుంబం గ్రూపులో ఫొటో పెట్టాను, కింద ఏమీ రాయలేదు. మా అమ్మాయి నాలుగు హృదయాలు పెట్టింది. పదింటికి వదినగారి నుంచి వచ్చింది: "రంగు బాగుందమ్మా. ఎంతసేపు కలిపావు?"

"కలపలేదు వదినగారూ" అని రాశాను.