ఏం పని చేస్తుంటారు?

కిటికీ గట్టు మీద పేరుకున్న దుమ్ములో మా పాప వేలితో చేప బొమ్మ గీసింది. అప్పటికి దానికి నాలుగేళ్ళు. రెండు కళ్ళూ ఒకే వైపు పెట్టింది. తోక దగ్గర వేలు గట్టిగా నొక్కి మూడు గీతలు లాగింది. దుమ్ము లేత పసుపు రంగులో ఉంది, వేలు పోయిన చోటల్లా కింద నల్లటి చెక్క కనిపిస్తోంది. నాకెంత మురిపెం వేసిందో చెప్పలేను. ఫోటో తీసి అందరికీ పంపాను. ఆ ఫోటోలో ఒక మూల పాప బొటనవేలు నోట్లో ఉంది. అది నేను గమనించింది రెండు నెలల తర్వాత, ఆసుపత్రి మంచం మీద.

నేను గోడల మీద బొమ్మలు వేస్తాను. పద్నాలుగేళ్ళుగా అదే నా పని. బడి గోడలు, హాళ్ళు, ఇళ్ళలో పిల్లల గదులు. రంగుల విషయంలో నాకు మొదటి నుంచీ జాగ్రత్త ఎక్కువ. బ్రష్ మొన సరిచేయడానికి నోట్లో పెట్టుకోవద్దని నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పారు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు. వాడేది కూడా అక్రిలిక్ రంగులే. అందుకే రంగు వల్ల నాకు జబ్బు చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మేం కొనుక్కున్నది చాలా పాత ఇల్లు. రిపేర్లు చేయించుకుంటూ అందులోనే ఉన్నాం. పాప గదిలో గోడ నిండా సముద్రం వేయాలని నా కోరిక. పాత రంగు పెచ్చులూడుతుంటే దాని మీద కొత్త రంగు నిలవదు కదా, ముందు గోకాలి. తలుపులు, కిటికీలు, గోడ కింది భాగం నేనూ మా ఆయనా కలిసి గోకాం. ఎక్కువ భాగం నేనే. పైన తెలుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, అన్నిటికంటే అడుగున మీగడ రంగు. చెట్టు మొద్దులో వలయాల్లా ఒక్కో పొర ఒక్కో కాలం. నాకది గొప్ప ఆనందంగా ఉండేది. చేత్తో సాగట్లేదని సాండింగ్ మిషన్ తెచ్చాం. మూడు వారాలు పొడిగానే రుద్దాం. ముక్కుకి చేతిరుమాలు, గది గుమ్మానికి పాత దుప్పటి. అదే మా జాగ్రత్త.

అత్తయ్య, పాప, మేమిద్దరం ఒక్క గదిలోనే. సామానంతా మధ్యలో కుప్ప. ఏది కావాలన్నా ఏదో ఒకటి జరపాలి. నాకు చిన్నదానికీ పెద్దదానికీ కోపం వచ్చేసేది. అత్తయ్యని ఒకసారి అనకూడని మాట అన్నాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "ఇల్లు బాగుచేస్తుంటే మనుషులు పాడవుతున్నారు" అన్నారు మా ఆయన. ఇలాంటి చిరాకు కూడా పాత పెయింట్‌లోని సీసం ఒంట్లో చేరితే వచ్చే జబ్బు లక్షణాల్లో ఒకటని తర్వాత తెలిసింది. అందులో సీసం ఎంత, నేనెంత అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ముందు నీరసం. తర్వాత నోట్లో ఏదో ఇనుము చప్పరించినట్టు రుచి. మలబద్ధకం, తలనొప్పి, ఉండుండి కడుపు మెలిపెట్టే నొప్పి. ఇద్దరు డాక్టర్లు చూశారు. గ్యాస్ అన్నారు, స్కానింగ్ తీశారు, బాగానే ఉందన్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. ఇలా రెండు నెలలు పోయాయి.

ఇక ఆ రాత్రి సంగతి.

రెండు గంటలప్పుడు నొప్పికి మెలకువ వచ్చింది. బొడ్డు చుట్టూ తడిబట్ట పిండినట్టు పిండేస్తోంది. పాప లేస్తుందేమోనని దిండు కొరుక్కుంటూ గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ గోడ నేను గోకిన గోడే. అరచేతికి పొడి పొడిగా తగిలింది. అది నాకిప్పటికీ గుర్తే. కాళ్ళు వణికి అక్కడే కూలబడ్డాను. అత్తయ్య లేచి లైటేశారు. నా ముఖం చూసి ఆవిడ వేసిన కేకకి పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది.

ఎమర్జెన్సీలో పెద్ద డాక్టరు వచ్చారు. పొట్ట నొక్కారు. పాత రిపోర్టులన్నీ తిప్పి చూశారు. మా ఆయన నా పని గురించి ఏదో చెప్పబోతే ఆయన నవ్వి, "ఆర్టిస్టులు కదండీ, ఊహ ఎక్కువ ఉంటుంది. ఇంటి పని టెన్షన్ తోడైంది. నిద్రకి ఒక ఇంజెక్షన్ ఇస్తాం, పొద్దున్నే తీసుకెళ్ళండి" అన్నారు. నా ఎదురుగానే, నేను మెలికలు తిరుగుతుండగానే.

ఆ మాట నాకు నొప్పి కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. నొప్పి నిజమో కాదో నాకే అనుమానం వచ్చింది ఆ నిమిషంలో. అదే నేను క్షమించలేనిది. ఒంట్లో విషం ఉన్న మనిషికి తన మీద తనకే నమ్మకం పోయేలా చేయడానికి ఒక్క వాక్యం చాలు. ఆయనకి అది గుర్తు కూడా ఉండి ఉండదు.

నాలుగు గంటలప్పుడు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ సెలైన్ చూడటానికి వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు అందుకుందామని కుడిచెయ్యి చాపాను. ముంజేయి లేచింది, మణికట్టు లేవలేదు. చెయ్యి వాడిన కాడలా వేలాడింది. రెండు మూడు రోజులుగా బ్రష్ జారిపోతుంటే నిద్రలేక అనుకున్నాను. ఆ అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పైకి లేపమంది. లేపలేకపోయాను. ఆమె నా గోళ్ళు చూసింది. పెదవి కిందికి లాగి చిగుళ్ళు చూసింది.

"ఏం పని చేస్తుంటారు మేడమ్?" అంది.

రెండు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

బొమ్మలు వేస్తానన్నాను. ఏ రంగులంది. చెప్పాను. అయితే వాటి వల్ల కాకపోవచ్చంది. కొంచెంసేపు ఆలోచించి, "ఇంట్లో గోడలు గోకడం, పాత పెయింట్ తీయడం లాంటివి ఏమైనా..." అంది. నేను జవాబు చెప్పేలోపే మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన చొక్కా భుజం మీద ఇంకా పసుపు పొడి ఉంది.

ఆ వెంటనే ఆమె అడిగిన రెండో ప్రశ్న: "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

అక్కడితో నా నొప్పి నేను మర్చిపోయాను. ఫోన్ తీసి చేప ఫోటో చూశాను. అప్పుడు కనిపించింది ఆ బొటనవేలు.

రక్తం చుక్క గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తే ఎర్ర కణాల మీద నీలం చుక్కలు కనిపించాయట. సీసం ఎక్కితే అలా కనిపిస్తాయని, ప్రత్యేకంగా చూడమని ఆ అమ్మాయే ల్యాబ్‌కి ఫోన్ చేసి చెప్పింది. అసలు పరీక్ష రావడానికి నాలుగు రోజులు పట్టింది. నాకు డెసిలీటరు రక్తంలో 84 మైక్రోగ్రాముల సీసం. మా ఆయనకి 26. పాపకి వేలి చుక్కతో చేస్తే 33, వేలికి అంటిన దుమ్ము వల్ల తప్పు రావచ్చని నరంలోంచి తీసి మళ్ళీ చేస్తే 28. ఇంతవరకూ ఉంటే పర్వాలేదు అనే అంకె సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లల్లో 3.5 దాటగానే అమెరికాలో మూలం వెతకడం మొదలుపెడతారు.

నాకు సక్సిమర్ అనే క్యాప్సూల్స్ ఇచ్చారు. 19 రోజుల కోర్సు. డబ్బా మూత తీస్తే గది నిండా కుళ్ళు వాసన. ఇంట్లో దుమ్ము ఉండగా ఈ మందు వేసుకుంటే లాభం లేదు, కొత్త సీసం లోపలికి పోతూనే ఉంటుంది, అందుకని నేరుగా మా తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయాం. పాపకి మందు అక్కర్లేదన్నారు. 45 దాటితేనే పిల్లలకి ఆ మందు. దుమ్ముకి దూరంగా ఉంచండి, ఐరన్, క్యాల్షియం తగ్గకుండా చూడండి, కడుపు ఖాళీగా ఉంచకండి, ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది అన్నారు.

కోర్సు అయ్యాక నాకు 38కి దిగింది. ఊపిరి పీల్చుకున్నాం. నెల తిరిగేసరికి 52. నేను బావురుమన్నాను. సీసం క్యాల్షియంలా నటించి ఎముకల్లో చేరుతుందట, రక్తంలో తగ్గగానే అక్కడి నుంచి మళ్ళీ రక్తంలోకి దిగుతుందట. రక్తంలో సగానికి తగ్గడానికి నెల చాలు, ఎముకల్లో అయితే దశాబ్దాలు. అంటే ఆ ఇంటి పసుపు రంగు నాలో కొంత ఎప్పటికీ ఉంటుంది. రెండో కోర్సు వాడాను.

నిద్రపట్టని రాత్రులు ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని చదివేదాన్ని. 1700లోనే ఇటలీలో బెర్నార్డినో రామజ్జినీ అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు, అందులో చిత్రకారులూ ఉన్నారు. రోగిని అడగాల్సిన ప్రశ్నలకి ఆయన ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు చేసే పని ఏమిటి? మూడు వందల ఏళ్ళు దాటింది. 1904లో ఆస్ట్రేలియాలో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు పిల్లల్లో సీసం జబ్బుకి కారణం ఇళ్ళ గోడలకీ వరండా కటకటాలకీ వేసిన పెయింటే అని చెప్పాడు. వేళ్ళకి అంటి నోట్లోకి పోతుందని అప్పుడే తెలుసు. మరి నాకెందుకు తెలియలేదు? రంగులతో బతికే మనిషిని, నాకెవరూ ఎందుకు చెప్పలేదు? ఆ రాత్రుల్లోనే బ్రెజిల్ చిత్రకారుడు కాండిడో పోర్టినారి గురించీ చదివాను. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి భవనంలో యుద్ధం, శాంతి పెద్ద చిత్రాలు ఆయనవే. తన రంగుల్లోని విషంతోనే 1962లో పోయాడు. డాక్టర్లు ఆ రంగులు మానమన్నా మానలేకపోయాడట. చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను.

అత్తయ్య సంగతి చెప్పాలి. నేను ఆసుపత్రిలో ఉండగా ఆవిడ, "ఆ మిషన్ వద్దని అప్పుడే అన్నాను, నా మాట ఎవరు విన్నారు" అని వచ్చిన వాళ్ళందరి ముందూ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఎన్నడూ అలా అనలేదు. కానీ తర్వాత పాప బొమ్మలన్నీ ఒక్కొక్కటే సబ్బునీళ్ళలో కడిగిందీ, రోజుకి ఆరుసార్లు పాప చేతులు, గోళ్ళ సందులు తోమిందీ ఆవిడే. నా జుట్టు ఆవిడే దువ్వారు ఐదు నెలలు, నా చెయ్యి దువ్వెన పట్టలేదు కాబట్టి. ఒకరోజు దువ్వుతూ దువ్వుతూ ఆగి, "గుమ్మం దగ్గర ఆ దుమ్మంతా చీపురుతో రోజూ ఊడ్చి లేపింది నేనే కదమ్మా" అన్నారు. నేను వెనక్కి తిరగలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, పట్టుకోగలిగినంత.

పాత ఇల్లు బాగుచేయించుకునే వాళ్ళందరికీ చేతులు జోడించి చెప్తున్నాను. గోకే ముందు ఒక పెచ్చు టెస్టుకి ఇవ్వండి. పొడిగా రుద్దకండి, మిషన్ పెట్టకండి, మంట పెట్టి కాల్చకండి. రంగు గట్టిగానే ఉంటే దాన్ని కదపకుండా మీద కప్పేయడం నయం. తీయక తప్పకపోతే తడుపుతూ తీయండి, అలాంటి పని తెలిసిన వాళ్ళ చేత తీయించండి. చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ ఆ ఇంట్లో ఉంచకండి, పని అయ్యేవరకూ ఎవరి కాళ్ళయినా పట్టుకుని వేరే చోట ఉంచండి. చీపురు ముట్టుకోకండి, తడిబట్టతో తుడవండి. పనిబట్టలతో బిడ్డని ఎత్తుకోకండి. నేను రోజూ ఎత్తుకున్నాను. చేతిరుమాలు ఆ దుమ్ముని ఆపదు.

పాప రక్తంలో సీసం ఇప్పుడు 12కి దిగింది. మూడు నెలలకోసారి రక్తపరీక్షకి సూది. "ముందు ముందు చదువులో, ఏకాగ్రతలో ఏమైనా తేడా వస్తుందా?" అని అడిగితే పిల్లల డాక్టరు నా కళ్ళలోకి చూసి, "రాదని చెప్పలేనమ్మా, కనిపెట్టుకుని ఉందాం" అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయనకి దండం. అప్పటి నుంచి పాప ఒక మాట మర్చిపోతే చాలు, నా గుండె ఆగుతుంది. పిల్లలన్నాక మర్చిపోరా అని మా ఆయన అంటారు. మర్చిపోతారు. నాకు తెలుసు. రాత్రి పడుకోబోయే ముందు దేవుడికి దండం పెట్టుకుని ఒక్కటే అడుగుతాను, నాలో ఉన్నది నాలోనే ఉండనీ అని.

ఆ డాక్టరమ్మ వేరే ఆసుపత్రికి మారిపోయింది. ఎమర్జెన్సీ పెద్ద డాక్టరుకి నా రిపోర్టుల నకళ్ళు పెట్టి ఒక ఉత్తరం రాశాను, ఆయన అన్న మాటతో సహా. జవాబు రాలేదు.

మణికట్టు ఏడో నెలలో పూర్తిగా లేచింది. గంట పని చేస్తే ఇప్పటికీ అలసిపోతుంది. పోయిన వారం పాప గదిలో సముద్రం మొదలుపెట్టాను. ముందుగా వేయమని పాప అడిగింది తన చేపనే. ఫోన్‌లో ఫోటో చూస్తూ గీశాను, రెండు కళ్ళూ ఒకే వైపు. తోక దగ్గర మూడు గీతలు తనే లాగింది, నా చిన్న బ్రష్‌తో. లాగి, నేను చెప్పకముందే చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.