వణుకు మళ్లీ వచ్చింది

టైప్ 1 మధుమేహం పాతబడ్డాక నన్ను భయపెట్టింది షుగర్ పెరగడం కాదు, పడిపోతున్నా తెలియకపోవడం. మాటిమాటికీ హైపో (షుగర్ మరీ పడిపోవడం) అవుతుంటే మెదడు దానికి అలవాటు పడిపోతుంది, అడ్రినలిన్ ఆలస్యంగా వస్తుంది. చెమటా వణుకూ లేకుండానే 50కి దిగిపోయి మాట తడబడుతుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాల మార్పిడి ముఖ్యంగా ఇలాంటివాళ్ల కోసమే. చెన్నైలో మనవాళ్లు మాత్రం "అయితే సూది మానెయ్యొచ్చా?" అనే అడుగుతారు.

దాత క్లోమాన్ని కొలాజినేస్ ఎంజైముతో విడదీసి, ఐలెట్లను వేరుచేసి, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి వదులుతారు. మామూలుగా ఒక్కో విడతకి కిలో బరువుకి కనీసం 5,000 ఐలెట్లు కావాలి. సూది మానాలంటే చాలామందికి ఒక్క దాత చాలడు. రక్తం తగలగానే గడ్డకట్టే ప్రక్రియ మొదలై చాలా ఐలెట్లు తొలి గంటల్లోనే పోతాయి, అందుకే గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇస్తారు. మిగిలినవాటికి రెండు గండాలు: పరాయి కణాలని ఒళ్లు తిరగబడటం ఒకటి, మొదట మన బీటా కణాలను (ఐలెట్లలో ఇన్సులిన్ చేసేవి ఇవే) చంపిన టి కణాలే, అంటే మన రోగనిరోధక కణాలే, మళ్లీ రావడం రెండోది.

2000లో కెనడాలోని ఎడ్మంటన్ బృందం స్టెరాయిడ్లు లేకుండా, రోగనిరోధక శక్తిని అణిచే సిరోలిమస్, టాక్రోలిమస్‌లు వాడి ఏడుగురిని ఇన్సులిన్ నుంచి తప్పించింది. అయితే టాక్రోలిమస్ కిడ్నీలతో పాటు బీటా కణాలనీ దెబ్బతీస్తుంది. కంచే చేను మేసినట్టు. ఐదేళ్లకి ఆ బృందం రోగుల్లో ఎక్కువమంది మళ్లీ సూదికి వచ్చారు. సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోందనే గుర్తు) మిగిలినవాళ్లకి ప్రమాదకరమైన హైపోలు తగ్గాయి, నా లెక్కలో అదే అసలు లాభం. టాక్రోలిమస్ మోతాదుకి రక్తపరీక్ష పొద్దున మాత్ర వేసుకోకముందే చేయించాలి. ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ దాని స్థాయిని పెంచుతుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ దించేస్తుంది.

మా డాక్టరుగారు ముందు వేరే దారి పట్టించారు: కొన్ని వారాలపాటు అసలు హైపో రానివ్వకపోవడం. బేసల్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) తగ్గించి, సీజీఎం (ఒంటికి అంటించుకునే షుగర్ మీటర్) అలారం 80కి పెట్టారు. నెయ్యి పొంగల్‌కి డోసంతా ముందే వేస్తే, పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ముందు షుగర్ పడి, మూడు గంటలయ్యాక ఎగబాకుతుంది. అందుకని కొంత ముందు, కొంత తర్వాత. పడితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది.

హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కాస్త పెరిగింది, పెరగనిమ్మన్నారు. ఇప్పుడు 65 దగ్గరే చేతులు వణుకుతున్నాయి. ఐలెట్ల కాగితాలు ప్రస్తుతానికి ఫైల్లోనే ఉన్నాయి.