రెండు నెట్లు పెట్టించిన పాపానికి

మా ఆడిటరు గారి ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో. సార్‌తో కలిపి పంతొమ్మిది మందిమి. నేను బీకాం చదివి అకౌంటెంటుగా చేరా, పన్నెండేళ్ళయింది. నెట్‌వర్కు పని నా నెత్తిన ఎట్టా పడిందంటే, రూటరు (నెట్‌ని కంప్యూటర్లన్నిటికీ పంచే పెట్టె) పెట్టిన అల్మరా నా కుర్చీ వెనకే ఉంది, అంతే. మొదట్లో నెట్ పోతే "అక్కా, ఒకసారి ఆపి వెయ్యవా" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు "అక్కా, నీ నెట్ పోయింది" అనడం మొదలుపెట్టారు.

ఆడిటరు ఆఫీసులో నెట్ పోవడానికి కూడా తిథి, వారం ఉంటాయి. 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బి (జీఎస్టీ కట్టే రిటర్ను). మిగతా రోజుల్లో గంటసేపు పోయినా ఎవరూ పట్టించుకోరు, కిందికి దిగి టీ తాగొస్తారు. ఒకసారి 20వ తారీఖునే మధ్యాహ్నం మూడింటికి పోయి రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. ఆ ఆరు గంటలూ పిల్లలంతా సొంత ఫోన్ల హాట్‌స్పాట్ మీద రిటర్నులు వేశారు. మర్నాడు సార్ పిలిచి, "ఇంకో కంపెనీ లైను కూడా వేయించమ్మా. కట్టే 18 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ ఎట్టాగూ వస్తది గదా" అన్నారు. ఇన్‌పుట్ అంటే, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం. ఆయన ఏ ఖర్చునైనా ముందు ఇన్‌పుట్ వైపు నుంచే చూస్తారు.

లైను వచ్చింది. కంప్యూటరు షాపు కుర్రాడు రెండు లైన్లు పట్టే మైక్రోటిక్ రూటరు తెచ్చి బిగించాడు. లాట్వియా దేశం సరుకు. చిన్న పెట్టెలో లెక్కలేనన్ని మెనూలు. "స్పీడు 100, 100 కలిసి 200 అయింది మేడం" అన్నాడు. ఆ రోజు నమ్మా. ఇప్పుడైతే నమ్మను. ఒక కనెక్షను, అంటే ఒక కంప్యూటరుకూ ఒక సైటుకూ మధ్య నడిచే ఒక్కో సంభాషణ, ఏదో ఒక లైను మీదే వెళ్తుంది, అది 100 దాటదు. ఇద్దరు పని చేస్తుంటే ఒకరిది ఇటు, ఒకరిది అటు పోతుంది. ఇద్దరు గుమాస్తాల్ని పెట్టుకుంటే ఒక్క చిట్టా సగం సమయంలో పూర్తికాదు, రెండు చిట్టాలు పక్కపక్కన నడుస్తాయి. ఇదీ అంతే.

మొదటి రోజే ఒక తమాషా. నెట్‌లో ప్రతి పెట్టెకూ ఇంటి నంబరు లాగా ఐపీ అడ్రసు ఒకటి ఉంటుంది. పాత కంపెనీ బాక్సు అడ్రసు 192.168.1.1. కొత్త కంపెనీ బాక్సు అడ్రసు కూడా 192.168.1.1. ఇద్దరూ ఎవరి ఇంట్లో వాళ్ళు ఒకే పేరు పెట్టుకున్నారు, ఇక్కడికొచ్చేసరికి ఒకే గుమ్మంలో నిలబడ్డారు. రూటరు ఎవర్ని పిలుస్తుందో దానికే తెలియదు. రెండోదాని అడ్రసు మార్పించేసరికి సాయంత్రమైంది.

అసలు గొడవ తర్వాతి వారం మొదలైంది. మా జూనియర్ ఒకడు క్లయింటు చలానా కడదామని బ్యాంకు సైటు తెరిచాడు. పాస్‌వర్డు కొట్టాడు, ఓటీపీ కొట్టాడు, "మీ సెషన్ ముగిసింది" అని బయటికి గెంటేసింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ గెంటింది. నాలుగోసారికి ఖాతా లాక్ అయింది. షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే బ్రౌజరు మార్చమన్నాడు. మార్చాం. కుకీలు తుడవమన్నాడు. తుడిచాం. ఇట్టా రెండు వారాలు గడిచాయి. తప్పు బ్యాంకుదేనని ఆఫీసంతా తీర్మానించేశారు.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం, మన ఐపీ అడ్రసు ఎంతో చూపించే సైట్లు ఉంటాయి గదా, అట్టాంటివి రెండు పక్కపక్కన తెరిచా. ఒకే కంప్యూటరు, ఒకే నిమిషం. ఒక సైటు ఒక అడ్రసు చూపించింది, రెండోది ఇంకొకటి. అప్పుడు వెలిగింది. రూటరు వచ్చిన ప్రతి కొత్త కనెక్షన్నీ ఒకటి ఇటు, ఒకటి అటు పంచుతోంది. బ్యాంకు పేజీ ఒక్కటి తెరుచుకోవాలంటే వెనకాల పది కనెక్షన్లు వెళ్తాయి. లాగిన్ ఒక ఊరినుంచి, ఓటీపీ ఇంకో ఊరినుంచి వచ్చినట్టు కనపడితే బ్యాంకు ఎందుకు ఊరుకుంటది? దొంగ అనుకుని తలుపేసింది. నేనైనా అదే చేసేదాన్ని.

దీనికి మందు చిన్నదే. కనెక్షన్లవారీగా కాకుండా మనుషులవారీగా పంచమని రూటరుకు చెప్పాలి. మైక్రోటిక్‌లో దాన్ని పీసీసీ అంటారు. కంప్యూటరు అడ్రసు మీద ఒక లెక్క వేసి, ఆ లెక్క ఏ వైపు తేలితే ఆ కంప్యూటరు ఎప్పుడూ ఆ లైను మీదే పోయేట్టు చూస్తుంది. బ్యాంకులు ఆ రోజు నుంచి నోరెత్తలేదు. కానీ లెక్క గుడ్డిది. మా ఆఫీసులో పెద్ద పెద్ద ఫైళ్ళు ఎక్కించే నలుగురూ ఒకే లైను మీద పడ్డారు, రెండోదాని మీద రిసెప్షనిస్టు, ప్రింటరు హాయిగా ఊరేగుతున్నారు.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా (కాలువ షట్టర్లు ఎత్తి దించే పని) చేసి రిటైరయ్యాడు, దుగ్గిరాల లాకుల దగ్గర. బ్యారేజీ నుంచి వచ్చిన పడమటి కాలువ అక్కడే చీలుతుంది. ఫోన్లో ఈ గోల చెప్తే అంతా విని, "ఎవరికి ఎంతో కాయితం మీద రాసుకున్నాకే షట్టరు మీద చెయ్యెయ్యాలే. నువ్వేందే, ముందు షట్టరు ఎత్తి తర్వాత పొలాలు చూస్తన్నావు?" అన్నాడు. నిజమే గదా అనిపించి ఆ సాయంత్రం ఆఫీసులో నెట్ వాడే ప్రతిదాన్నీ ఒక లెడ్జరు కాయితం మీద రాశా.

రాస్తుంటే తెలిసింది, నెట్‌ని తినేది మనుషులు కాదు. ఆరు సీసీ కెమెరాలు పగలూ రాత్రీ బొమ్మల్ని ఎక్కడికో ఎక్కిస్తూనే ఉన్నాయి. సర్వరు బ్యాకప్పు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. విండోస్ అప్‌డేట్లు వాటి ఇష్టం. ఎక్కించే దారి నిండితే దించుకునే దారి కూడా నెమ్మదిస్తుంది. ఎందుకంటే దించుకునే ప్రతి ముక్కకూ "అందింది" అని మన వైపు నుంచి రసీదు వెళ్ళాలి. ఆ రసీదులు కెమెరా బొమ్మల వెనక క్యూలో నిలబడతాయి. దారి ఖాళీగా ఉన్నప్పుడు స్పీడు టెస్టు చేస్తే 100 చూపిస్తుంది, నిండినప్పుడు పోర్టలు తెరుచుకోదు. ఇదెందుకో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు.

కాయితం ప్రకారం పంచా. టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు), బ్యాంకులు, జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ పోర్టళ్ళు చూసే కంప్యూటర్లన్నీ మెయిన్ లైను. కెమెరాలు, అందరి ఫోన్ల వైఫై, సర్వరు, దాని బ్యాకప్పు రెండో లైను. వీడియో హియరింగులు జరిగే సార్ గది కంప్యూటరు మెయిన్ లైను మీద, అందరికంటే ముందు వరసలో. రీల్స్ చూసే పిల్లకాయలు రెండో లైను మీద కెమెరాలతో కొట్టుకోండని వదిలేశా.

ఇక్కడ మా నాన్న కాలువ నన్ను ముంచింది. కాలువలో నీళ్ళు వెళ్ళిపోతే వెళ్ళిపోయినట్టే, తిరిగి రావక్కర్లేదు. నెట్‌లో ప్రతిదానికీ తిరుగు ప్రయాణం ఉంది, అదీ వచ్చిన దారినే. నరసరావుపేట బ్రాంచిలో ఇద్దరు మా సర్వరులోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరం నుంచే దాని తెర తెరుచుకుని) వచ్చి పనిచేసేవాళ్ళు, మెయిన్ లైనుకున్న స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని అడ్రసు, మీదుగా. నేను సర్వర్ని రెండో లైనుకు మార్చిన పొద్దుటే వాళ్ళకు తెగిపోయింది. వాళ్ళ పిలుపు మెయిన్ లైను మీద లోపలికొస్తోంది. సర్వరు జవాబిస్తోంది. ఆ జవాబు నా నియమం ప్రకారం రెండో లైను గుమ్మంలోంచి బయటికి పోతోంది, పైన మాత్రం మెయిన్ లైను అడ్రసే. రెండో కంపెనీ వాళ్ళు "ఇది మా అడ్రసు కాదు" అని దాన్ని పారేస్తున్నారు. అట్టా పారేయమని ఇంటర్నెట్ పెద్దలు 2000లోనే రాసిపెట్టారు, దొంగ అడ్రసులతో దాడులు చేసేవాళ్ళను ఆపడానికి. వాళ్ళ తప్పేం లేదు.

రూటరు నడిచే ప్రతి కనెక్షనుకూ లోపల ఒక ఖాతా తెరిచి పెట్టుకుంటుంది. ఎవరు, ఎవరితో, ఏ గుమ్మంలోంచి అని. ఆ ఖాతా మీద ముద్ర వెయ్యొచ్చు. మెయిన్ గుమ్మంలోంచి వచ్చినదానికి "మెయిన్" అని ముద్ర, ఆ ముద్ర ఉన్న ఏ జవాబైనా మెయిన్ గుమ్మంలోంచే బయటికి. తర్వాత ఎవరు ఎటు అనే నియమాలు. ఈ వరస తలకిందులైతే మొత్తం తలకిందులే. (ఆ రిమోట్ డెస్క్‌టాప్‌ని ఊరందరికీ తెరిచిపెట్టడం ఎంత పిచ్చిపనో తర్వాత తెలిసింది. ఇప్పుడు వైర్‌గార్డ్ వీపీఎన్ (తాళం ఉన్నవాళ్ళకే తెరుచుకునే చాటుదారి) పెట్టి ఆ తలుపు మూసేశాం.)

రెండో లైను మీదుగానే బ్రాంచి వాళ్ళను రానివ్వొచ్చుగా అని సార్ అడిగారు. కుదరదు. ఆ కంపెనీ మాకిచ్చిన అడ్రసు 100.72తో మొదలవుతుంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి 2012లో ఇందుకోసమే పక్కన పెట్టిన అడ్రసులు. ఒక బయటి అడ్రసు వెనక బోలెడు ఇళ్ళను కూర్చోబెట్టడానికి. అపార్టుమెంటు పేరు రాసి ఫ్లాటు నంబరు రాయని ఉత్తరం లాంటిది. బయటికి వెళ్ళొచ్చు గానీ బయటివాడు మన తలుపు తట్టలేడు.

ముద్రలన్నీ వేశాక కూడా సగం ట్రాఫిక్ ఇష్టమొచ్చినట్టు పోతోంది. ఒక ఆదివారమంతా దానికే ధార పోశా. చివరికి చూస్తే రూటరుతో పాటు వచ్చే ఫాస్ట్‌ట్రాక్ అనే నియమం. పని తొందరగా కావాలని అది కొన్ని ప్యాకెట్లను (నెట్‌లో పోయే సమాచారం ముక్కల్ని) నా ముద్రల బల్ల దగ్గర ఆగకుండానే పక్కదారిన పంపేస్తోంది. దాన్ని ఆపేసి ఇంటికెళ్ళా. ఆ రోజు మా ఇంట్లో వండిన పులిహోర చల్లారిపోయి ఉంది.

ఒక లైను పోతే రెండోదానికి మారడం అనేది చెప్పుకున్నంత తేలిక కాదు. రూటరు పది సెకన్లకోసారి ఎదురుగా ఉన్న గేట్‌వేని (బయటికి పోయే దారిలో మొదటి గుమ్మాన్ని) పలకరిస్తుంది. రెండుసార్లు పలక్కపోతే లైను పోయిందనుకుంటుంది. మా గేట్‌వే ఏది? అల్మరాలోనే పైఅరలో ఉన్న కంపెనీ బాక్సు. యూపీఎస్ మీద నడుస్తూ పచ్చ లైటుతో చక్కగా పలుకుతూనే ఉంటుంది, అవతల ప్రపంచం మునిగిపోయినా. అందుకని దూరంగా ఉన్నవాణ్ణి పలకరించమని మార్చా. మెయిన్ లైను మీదుగా గూగుల్ వాళ్ళ 8.8.8.8ని, రెండో లైను మీదుగా క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1ని. తెలివైన పని చేశాననుకున్నా. తర్వాత మెయిన్ లైను పోయినప్పుడు రూటరు ఇరవై సెకన్లలో మారింది, కానీ ఒక్క సైటూ తెరుచుకోలేదు. ఎందుకంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ, సైటు పేరు చెప్తే దాని అడ్రసు చెప్పే డీఎన్ఎస్‌గా ఇచ్చింది కూడా ఆ 8.8.8.8నే. దాన్నేమో మెయిన్ లైనుకు కట్టేశా. నెట్ ఉంది, సైట్ల అడ్రసులు చెప్పేవాడు లేడు. లైను చూడటానికి పెట్టుకున్న అడ్రసును వేరే పనికి వాడకూడదని ఆ పూట తెలిసింది.

అన్నీ సర్దుకున్నాయనుకుంటే వినాయక చవితి వచ్చింది. నిమజ్జనానికి వెళ్ళే విగ్రహం మా వీధిలోంచే పోయింది. కర్రతో తీగలు పైకెత్తే కుర్రాళ్ళు ఉన్నారు, విగ్రహం వాళ్ళ కర్ర కంటే ఎత్తు. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీంచి వస్తున్నాయి. రెండూ ఒకేసారి తెగాయి. రెండు బాక్సుల మీదా ఎర్ర లైట్లు. సెప్టెంబరు నెల, టాక్స్ ఆడిట్ రిపోర్టుల హడావుడి. బిల్లు ఇద్దరికి కడుతున్నాం గానీ వీధిలో ఒకే స్తంభాన్ని పట్టుకు వేలాడుతున్నామని నాకు తట్టనే లేదు. బ్రాడీపేటలో ఒక సుఖం ఉంది. పేటంతా లైన్లూ (ఇక్కడ వీధుల్ని అట్టాగే అంటారు) అడ్డరోడ్లూ గళ్ళ నోటుపుస్తకం లాగా ఉంటుంది, మా బిల్డింగు వెనకవైపు ఇంకో వీధిలోకి పడుతుంది. రెండో కంపెనీ కుర్రాణ్ణి బతిమాలి వాళ్ళ తీగ వెనకవైపు నుంచి తెప్పించా. "ఏందక్కా, ముందువైపు బానే ఉందిగా" అన్నాడు. టీ తాగించి పని చేయించుకున్నా.

ఆ తర్వాత ఎంత బాగా పనిచేసిందంటే, మెయిన్ లైను రెండు రోజులు చచ్చి పడి ఉంటే ఎవరికీ తెలియలేదు. అందరూ రెండో లైను మీద నడిచిపోతున్నారు. నెమ్మదిగా ఉందేంటి అని ఒకరిద్దరు గొణిగారంతే. నరసరావుపేట నుంచి "మేడం, నిన్నటినుంచి వీపీఎన్ రావట్లేదు" అని ఫోను వస్తేగానీ బయటపడలేదు. కంపెనీకి ఫిర్యాదు చేస్తే, "రెండు రోజులు ఎందుకు చెప్పలేదండీ?" అని నన్నే అడిగారు. చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

అందుకని లైను పడిపోయినప్పుడు, మళ్ళీ లేచినప్పుడు రూటరు నాకు మెయిల్ పంపేట్టు పెట్టా. మొన్న ఆదివారం తెల్లవారుజామున 2.40కి ఒకటి, 2.43కి ఒకటి వచ్చాయి. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ చూసుకున్నా.